నడుంనొప్పి ఉన్న నాన్నకు ఏ బేబీ క్యారియర్ పనికొస్తుంది?

మిర్యాలగూడ_నాన్న
మా పాపకు ఏడు నెలలు నిండాయి. బరువు 7.6 కిలోలు. నా భార్య స్టాఫ్ నర్సు, వారానికి మూడు నాలుగు నైట్ డ్యూటీలు పడతాయి. నేను రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను. సాయంత్రం ఆరింటి నుంచి పాప పడుకునేదాకా నాదే బాధ్యత. అమ్మ ఇంట్లోనే ఉంటుంది కానీ మోకాళ్ల నొప్పులు, పాపను ఎత్తుకుని తిరగలేదు.

నా బాధ నడుముతో. మూడేళ్ల కింద ఎమ్మారై తీస్తే ఎల్5-ఎస్1 దగ్గర, అంటే వెన్ను కింది చివర, డిస్క్ బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ బయటికి ఉబ్బడం) అని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదు, వంగి బరువులు ఎత్తొద్దు, వ్యాయామాలు మానొద్దు అన్నారు. మామూలు రోజుల్లో బాగానే ఉంటాను. పాపను చంకన వేసుకుని పావుగంట తిరిగితే మాత్రం ఎడమ పక్క పట్టేస్తుంది. ఆమె ఏమో కింద పడుకోబెడితే నిద్రపోదు, ఎత్తుకుని తిరగాల్సిందే.

పోయిన నెల ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలు పెట్టి పాపను ఒంటికి కట్టుకుని మోసే క్యారియర్ ఒకటి తెప్పించాను. పట్టీలు రెండు వేళ్ల వెడల్పు కూడా లేవు. పాప కాళ్లు నిలువునా కిందికి వేలాడతాయి, తల నా ఛాతీ కిందికి దిగిపోతుంది. పది నిమిషాలకే మెడ, భుజాలు, నడుము మూడూ మొదలవుతాయి. నాలుగైదు వేలదాకా పెట్టగలను. నడుంనొప్పి ఉన్నవాళ్లు ఎవరైనా వాడుతున్నారా? లేక నాలాంటివాడు ఈ ఆలోచనే మానుకోవాలా?

సూర్యాపేట_శ్రీను
మిల్లులో యాభై కిలోల బస్తాల మధ్య తిరిగే మనిషిని ఏడున్నర కిలోల పాప కూలేసిందన్నమాట. దిష్టి తీయించు అన్నా, పాపకు.

పాలమూరు_పద్మ
మానుకోవద్దు. ఆ తొమ్మిది వందల సంచిని మానేయండి చాలు. మా పెద్దోడికి నేనూ అలాంటిదే కొన్నాను, మీరు రాసిందంతా నా కథే.

నాకు సిజేరియన్ తర్వాత నడుము కింద నొప్పి పట్టుకుంది. పెద్దోడప్పుడు ఆ సన్న పట్టీలదాంతో నానా అవస్థ పడి, నా ఒంటికి ఇది సరిపడదని మూలన పడేశాను. రెండోదాని టైంలో బెంగళూరులో ఉండే మా ఆడపడుచు తనది తెచ్చి కట్టి చూపించింది. నడుము దగ్గర అరచేతి వెడల్పు మెత్తటి బెల్టు, భుజాల మీద మందమైన పట్టీలు, బకిల్స్. అది కట్టుకుని మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర కూరగాయలు కొనుక్కుని ఇంటికి నడిచి వచ్చాను. బరువు భుజాల మీద లేదు, తుంటి మీద కూర్చుంది. నాకు అర్థమైంది ఇదొక్కటే: భుజాల మీద వేలాడేది ఏదైనా నడుంనొప్పి మనిషికి పనికిరాదు.

మీరు కొనేదానికి మూడు చూడండి. నడుము బెల్టు గట్టిగా, వెడల్పుగా ఉండాలి. పాప కూర్చునే గుడ్డ ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా రావాలి. పాపను కట్టుకున్నాక మీరు తల వంచితే ఆమె నడినెత్తి మీద ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి. అంతకంటే కిందికి దిగితే ఆ బరువంతా మిమ్మల్ని ముందుకు గుంజుతుంది.

జడ్చర్ల_జ్యోతి
నేను ఒప్పుకోను. డిస్క్ ఉన్న మనిషికి ఇంకో ఎనిమిది కిలోలు ఒంటికి కట్టుకోమని సలహా ఇవ్వడం ఎంతవరకు సబబు? మా అన్నకు ఇలాగే బల్జ్ ఉండి, పట్టించుకోకుండా బరువులు మోసి, ఆరు వారాలు మంచం మీద ఉన్నాడు. పిల్లల తోపుడు బండి (స్ట్రోలర్) కొనుక్కోండి. చక్రాలే మోస్తాయి, మీరు తోస్తే చాలు.

వనపర్తి_వినోద్
జ్యోతి గారూ, మా వీధిలో తోపుడు బండి తోస్తే పాపకంటే ముందు మన నడుమే విరుగుతుంది. సీసీ రోడ్డు ఉన్నంత దూరం బాగుంటుంది. ఆ తర్వాత పైపుల కోసం తవ్విన గుంతలే. పైగా మెట్లు.

మిర్యాలగూడ_నాన్న
బండి ఉంది జ్యోతి గారూ, మా బావమరిది ఇచ్చాడు. బయట తిప్పడానికి బాగుంది. ఇంట్లో అన్నం వండుతూ, అమ్మకు మందులిస్తూ పాపను చూసుకోవాలి కదా, అక్కడ బండి పనికిరావడం లేదు. మేం ఉండేది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. పద్మ గారూ, మీది ఏ కంపెనీదో చెప్తారా?

పాలమూరు_పద్మ
నాది ఎర్గోబేబీ, ఆడపడుచు వాడి ఇచ్చింది. కొత్తది మీ బడ్జెట్ దాటుతుంది. మన దేశంలో తయారయ్యేవాటిలో సోల్ స్లింగ్స్, అన్మోల్ బాగున్నాయని విన్నాను, నేను వాడలేదు. కంపెనీ పేరుకంటే మీ ఒంటికి సరిపోవడమే ముఖ్యం. నాకు హాయిగా ఉన్నదే మా ఆయనకు భుజం దగ్గర కోసుకుపోయింది. ఆయన ఆరడుగుల మనిషి. పట్టీ ఎంత వదులు చేసినా చాలలేదు.

నల్లగొండ_ఫిజియో
నేను ఫిజియోథెరపిస్టుని. జ్యోతి గారి భయంలోనూ న్యాయం ఉంది, పద్మ గారి అనుభవమూ నిజమే. కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు మిర్యాలగూడ నాన్న గారికి ఒక ప్రశ్న. నొప్పి నడుము దగ్గరే ఆగుతుందా, కాలి కిందికి పిక్క దాకా జారుతుందా? తిమ్మిరి ఉందా? నొప్పి కాలిలోకి దిగుతున్న రోజుల్లో ఏ క్యారియరూ కట్టుకోవద్దు. పాదం బలం తగ్గినట్టు అనిపించినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా ఇక్కడ రాస్తూ కూర్చోకుండా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

అలాంటివేవీ లేకపోతే, పాపను చంకన వేసుకోవడంకంటే మంచి క్యారియరే మీ నడుముకు మేలు. చంకన వేసుకున్నప్పుడు మనం తెలియకుండానే ఒక తుంటిని పక్కకు తోస్తాం, వెన్ను అటు వంగుతుంది, ఒక పక్క కండరాలే గంటలకొద్దీ పని చేస్తాయి. మీకు ఎడమ పక్కే పట్టడానికి కారణం అదే కావచ్చు. మీరు కుడిచేతి వాటం అయితే పాప ఎప్పుడూ ఎడమ చంకనే ఉంటుంది.

బిందె సంగతి అందరికీ తెలుసు. నిండు బిందెను ఒంటికి ఆనించి పట్టుకుంటే నడవగలం. అదే బిందెను జానెడు దూరం జరిపి పట్టుకుంటే నాలుగడుగులకే నడుము లాగేస్తుంది. పిల్లల బరువూ అంతే. పాప మీ ఛాతీకి అతుక్కుని, ఎత్తుగా ఉంటే మోయగలరు. పట్టీలు వదులై పాప మీకు దూరంగా జరిగినా, కిందికి జారినా అదే ఏడున్నర కిలోలు రెట్టింపు అనిపిస్తాయి. మీ పాత క్యారియర్‌లో జరిగింది ఇదే.

కట్టుకునే వరస కూడా ముఖ్యం. నడుము బెల్టును మగవాళ్లు ప్యాంటు బెల్టు పెట్టుకునే చోటే పెడతారు. అది తప్పు. తుంటి ఎముక పై అంచు చేతికి తగులుతుంది కదా, దాని మీద కూర్చునేలా పెట్టి ముందు దాన్ని బాగా బిగించాలి. తర్వాత పాపను కూర్చోబెట్టి భుజం పట్టీలు లాగాలి. వీపు మీద రెండు పట్టీలనూ కలిపే చిన్న క్లిప్పు మెడ దగ్గర కాకుండా, రెక్కల ఎముకల మధ్య ఉండాలి. ఆ క్లిప్పు పెట్టుకోవడానికి చేయి వెనక్కి తిప్పి మెలికలు తిరగకండి. ముందే పెట్టేసి, వదులుగా ఉన్న పట్టీలను చొక్కాలా తల మీంచి వేసుకుని తర్వాత బిగించుకోండి. భుజం పట్టీలు వీపు మీద అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా పెట్టుకునే వీలున్న రకం దొరికితే ఇంకా మంచిది, బరువు వీపంతా పరుచుకుంటుంది.

సూర్యాపేట_శ్రీను
మేడం, ఇది చదివి ఇప్పుడే లేచి తుంటి ఎముక ఎక్కడుందో వెతుక్కున్నాను. ఇన్నాళ్లూ బెల్టు దాని కిందే పెట్టుకుంటున్నాను.

మిర్యాలగూడ_నాన్న
కాలిలోకి దిగదు మేడం, మొదట్లో దిగేది, రెండేళ్లుగా లేదు. కుడిచేతి వాటమే, పాప ఎప్పుడూ ఎడమ చంకనే. ఈ సంగతి నాకు ఇంతవరకూ తట్టలేదు.

ఇంకో టెన్షన్ ఉంది. మా అమ్మ, కాళ్లు అలా ఎడంగా పెట్టి కడితే పాపకు దొడ్డికాళ్లు వస్తాయంటోంది. పక్కింటివాళ్లూ అదే మాట. నిజమా?

నల్లగొండ_ఫిజియో
రావు. అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, ఆమెను తప్పుపట్టకుండా. పుట్టిన పిల్లల కాళ్లు సహజంగానే కొంచెం వంకరగా ఉంటాయి, నడక వచ్చాక రెండేళ్ల లోపు మెల్లగా సరవుతాయి. క్యారియర్‌కు దానితో సంబంధం లేదు.

తుంటి కీలుకు కాళ్లు విడదీసి మడిచి కూర్చోవడమే మంచిది. మోకాళ్లు పిర్రలకంటే కొంచెం పైకి, కప్ప కూర్చున్నట్టు. మన పెద్దవాళ్లు చంకన వేసుకున్నప్పుడు కూడా పిల్లల కాళ్లు అలాగే ఉండేవి. కాళ్లు నిటారుగా వేలాడే సంచులు, కాళ్లు చాపి బిగించి గుడ్డలో చుట్టడం, ఈ రెండూ చిన్న పిల్లల తుంటికి మంచివి కావు. పాప ఎదురుకాళ్లతో పుట్టి ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు తుంటి జారిన సమస్య ఉంటే పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

నారాయణపేట_నవ్య
భుజాల మీద వేలాడేది ఏదైనా పనికిరాదని పద్మక్క అన్నది నేను ఒప్పుకోను. నేను రింగ్ స్లింగే వాడాను, గుడ్డను రెండు రింగుల్లోంచి లాగి బిగించుకునేది, ఒక్క భుజం మీదే. మా ఊరి నూలు చీరతో కుట్టించుకున్నాను. గుడ్డను భుజం మీద మడత పెట్టకుండా మోచేతి దాకా పరిస్తే అస్సలు కోసుకుపోదు. పావుగంటకోసారి భుజం మార్చేదాన్ని. నాకూ నడుంనొప్పి ఉంది. బెల్టు రకం వేసుకుంటే నాకు పొట్ట మీద కుట్ల దగ్గర నొక్కేది.

పాలమూరు_పద్మ
నవ్యా, మీ పాపకు అప్పుడు ఎన్ని నెలలు?

నారాయణపేట_నవ్య
మూడు నుంచి ఆరు దాకా. ఐదారు కిలోలు ఉండేది.

పాలమూరు_పద్మ
అదే మరి. ఐదు కిలోలప్పుడు నాకూ ఏదైనా నడిచింది. ఏడాది వచ్చేసరికి తొమ్మిది, పది అవుతారు. అప్పుడు ఒక భుజం మోయదు.

నల్లగొండ_ఫిజియో
ఇద్దరూ చెప్పింది నిజమే. చిన్న పాప, తక్కువ సేపు, భుజం మారుస్తూ ఉంటే రింగ్ స్లింగ్ సరే. సిజేరియన్ కుట్లు పచ్చిగా ఉన్నవాళ్లకు నడుము బెల్టు నొక్కుతుంది, నవ్య గారు దాన్ని వద్దనుకోవడం సరైన పనే. మిర్యాలగూడ నాన్న గారి విషయం వేరు. పాపకు ఏడు నెలలు, నొప్పి ఒక పక్కే. ఆయనకు రెండు భుజాలూ, నడుమూ కలిసి మోసేదే కావాలి.

రింగ్ స్లింగ్ కుట్టించుకునేవాళ్లు రింగుల విషయంలో జాగ్రత్త. కర్టెన్ రింగులు, గాజుల షాపులో దొరికే రింగులు వాడొద్దు. అతుకు లేకుండా ఈ పనికోసమే చేసినవి దొరుకుతాయి. అతుకు దగ్గర తెరుచుకుంటే పాప కింద పడుతుంది.

ఇంకోటి, నాలుగు నెలల లోపు పిల్లలను గుడ్డ సంచి లాంటివాటిలో పడుకోబెట్టి మోయడం ప్రమాదం. గడ్డం ఛాతీకి ఆనుకుపోతే ఊపిరి ఆడదు, ఏడవను కూడా ఏడవలేరు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2010లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పాప ముఖం ఎప్పుడూ మీకు కనిపిస్తూ ఉండాలి, గడ్డం కింద కనీసం ఒక వేలు పట్టాలి.

నేత_కొయ్యలగూడెం
మాది మగ్గం ఇల్లు. గుడ్డ గురించి చెప్తాను, నడుం గురించి మేడం గారే చెప్పాలి.

స్లింగ్ కోసమని ఇద్దరు ముగ్గురు మా దగ్గర గుడ్డ అడిగారు. చీర గుడ్డ పలచన. 5.5 మీటర్ల చీరను అట్లాగే కట్టుకుంటే పొడవు సరిపోతుంది కానీ, ఒంటి పొర భుజంలోకి దిగబడుతుంది. వెడల్పును రెండు మడతలు వేసుకుంటే కొంచెం నయం. ముతక నూలుతో, పడుగూ పేకా దగ్గరగా నేసిన దుప్పటి గుడ్డ దీనికి బాగా పనికొస్తుంది. పాత చీరలో పోగులు ఎక్కడ చివికిపోయాయో కంటికి కనిపించదు. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి, పలచబడ్డ చోటు తెలుస్తుంది. రంగు కూడా చూసుకోండి. పాప గుడ్డను నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి ముందు తడి తెల్ల గుడ్డతో రుద్దండి. దానికి రంగు అంటితే వాడొద్దు.

టీషర్టులా సాగే గుడ్డతో వచ్చే చుట్టుడు రకం మాత్రం మీకు వద్దు అన్నా. బరువైన పాపతో అరగంటకు సాగి కిందికి దిగుతుంది.

దేవరకొండ_తండా
ఇవన్నీ చదువుతుంటే మా అమ్మ గుర్తొస్తోంది. చందంపేట అడవిలోకి కట్టెలకు పోయేటప్పుడు నన్నూ, నా తర్వాత తమ్ముడినీ పాత చీర ముక్కతో వీపుకు కట్టుకునేది. పిల్లాడి తల ఆమె భుజం దాకా వచ్చేది, ముడి ఛాతీ మీద. కట్టెలు తల మీద, పిల్లాడు వీపు మీద. అరవై దాటింది, ఇప్పటికీ నిటారుగా నడుస్తుంది. మేడం చెప్పిన ఎత్తు, దగ్గర అన్న రెండు మాటలూ మా అమ్మకు ఎవరూ చెప్పలేదు, ఆమెకు వాళ్లమ్మ కట్టి చూపించింది.

ముందు కట్టుకునేదానికంటే వీపున కట్టుకుంటే నడుముకు తేలిక అనిపిస్తుంది నాకు. మా బాబును నేనూ అలాగే మోస్తాను.

అచ్చంపేట_సరిత
మా అమ్మ కథ వేరే. ఆమె ముంబైలో బిల్డింగ్ పనులకు పోయిన పాలమూరు కూలీ. మా అక్కను ఎప్పుడూ ఎడమ చంకన వేసుకుని, కుడి చేత్తో ఇసుక తట్ట పట్టుకునేది. ఇప్పుడు ఆమె నడిస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. అంతా ఆ చంక వల్లేనని నేను అనలేను, మోసిన ఇటుకలకు లెక్క లేదు. కానీ మేడం ఒక పక్క వెన్ను వంగడం గురించి రాసింది చదివి అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "ఎడమ చంకే బిడ్డా, కుడి చెయ్యి పనికి కావాలె గదా" అన్నది.

మిర్యాలగూడ_నాన్న
సరిత గారూ, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ బెల్టుదే కొనుక్కో" అన్నది.

వీపున కట్టుకోవడం నాకు నచ్చింది. ఏడు నెలలకు చేయొచ్చా? ఒక్కడినే ఉంటాను, ఎక్కించుకోవడమే భయం.

నల్లగొండ_ఫిజియో
పాప ఏ ఆసరా లేకుండా స్థిరంగా కూర్చోవడం మొదలుపెట్టాకే వీపు మీద. వంట చేసేటప్పుడు కూడా వీపు మీదే క్షేమం, వేడి గిన్నెలకు, నూనెకు దూరంగా ఉంటుంది. పాప ముందు ఉన్నప్పుడు పొయ్యి దగ్గరకే పోవద్దు. మొదటి నాలుగైదు సార్లు మంచం పక్కన నిలబడి, ఇంకొకరు పట్టుకుంటుండగా నేర్చుకోండి. ఒంటరిగా ఉన్న రాత్రి కొత్తగా ప్రయత్నించకండి.

వనపర్తి_వినోద్
మధ్యలో ఒక డౌటు. ఇలాంటి బెల్టు క్యారియర్ ఉంటే పాపను ముందు కట్టుకుని బైకు మీద మార్కెట్‌కు పోవచ్చు కదా? నేను అందుకే కొందామనుకుంటున్నా.

జడ్చర్ల_జ్యోతి
వద్దు వినోద్ గారూ, దయచేసి వద్దు. ముందు కట్టుకుని పడితే మీ బరువంతా బిడ్డ మీదే.

నల్లగొండ_ఫిజియో
జ్యోతి గారి మాటే నాదీ. క్యారియర్ నడవడానికి, బండికి కాదు. దీనికి చట్టం కూడా ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర మోటారు వాహన నియమాలకు సవరణ చేశారు, 2023 ఫిబ్రవరి నుంచి అమలు. నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్ల ఒంటికి కలిపి కట్టే సేఫ్టీ హార్నెస్ ఉండాలి. అది 30 కిలోల దాకా ఆపగలగాలి. తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. బేబీ క్యారియర్ ఆ హార్నెస్ కాదు. తొమ్మిది నెలలు కూడా నిండని పాప మెడ హెల్మెట్ బరువే మోయలేదు, అంత చిన్న పాపను బండి ఎక్కించకపోవడమే మేలు. బస్సో ఆటోనో చూసుకోండి.

వనపర్తి_వినోద్
సరే మేడం. మా ఆవిడ కూడా ఇదే అంటే నేను వినలేదు.

మర్రిగూడ_కోడలు
నాది క్యారియర్ ప్రశ్న కాదు, నడుం ప్రశ్న. మా బాబుకు ఐదు నెలలు. నేను పుట్టింది, పెరిగింది, పెళ్లయింది అన్నీ మర్రిగూడ, నాంపల్లి చుట్టుపక్కలే. పొద్దున లేవగానే నడుము కర్రలా బిగుసుకుపోతుంది, బాబును ఎత్తుకోవడానికి వంగలేకపోతున్నాను. ఇంట్లో "కాన్పు నొప్పులే, పోతాయి" అంటున్నారు. మా మామయ్యకు ఫ్లోరైడ్ వల్ల మెడ పక్కకు తిరగదు. నాకూ అదేనేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. క్యారియర్ కొంటే సరిపోతుందా?

నల్లగొండ_ఫిజియో
అమ్మా, ముందు క్యారియర్ సంగతి పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి. కాన్పు తర్వాత కీళ్లు, పొట్ట కండరాలు వదులుగా ఉండి నడుంనొప్పి రావడం చాలామందిలో ఉంటుంది, చాలామందికి తగ్గుతుంది. మీకు కూడా అదే కావచ్చు. కానీ పొద్దున్నే బిగుసుకుపోవడానికి కారణాలు వేరే కూడా ఉంటాయి, చూపించుకోకుండా వదిలేయొద్దు.

ఫ్లోరైడ్ మాట కొట్టిపారేయను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ల మీద మచ్చలు రావచ్చు. అంతకంటే బాగా ఎక్కువ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అక్కడితో ఆగదు. ఎముకల్లో పేరుకుని వెన్నుపూసల చుట్టూ ఉండే తంతువులు గట్టిపడతాయి, నడుము, మెడ వంగవు. మునుగోడు, మర్రిగూడ వైపు పెద్దవాళ్లలో చూస్తూనే ఉన్నాం. మీ వయసు వాళ్లలో అంత తీవ్రంగా ఉండటం తక్కువ. నిద్ర పోగొట్టుకోకండి. ఎక్స్‌రే తీయించుకోవాలా, రక్త పరీక్షలు కావాలా అన్నది డాక్టరు చెప్తారు. ఏ ఊళ్లో పెరిగారో, ఏ బోరు నీళ్లు తాగారో వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. ఇప్పుడు బోరు నీళ్లు తాగుతుంటే ఆపి మిషన్ భగీరథ కుళాయి నీళ్లు పట్టుకోండి, వంటకు కూడా.

పాలమూరు_పద్మ
మర్రిగూడ చెల్లీ, ఒక్కదానివే పోకు, ఎవరినైనా వెంట తీసుకుపో. ఏమన్నారో ఇక్కడ రాయి.

నల్లగొండ_ఫిజియో
ఇది అందరికోసం. నా దగ్గరకు వచ్చే తల్లులు, తండ్రులలో నడుము పట్టుకునేది ఎక్కువగా పిల్లలను మోసేటప్పుడు కాదు. కింది నుంచి ఎత్తేటప్పుడు, స్నానం పోసేటప్పుడు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి అరగంట వంగి నీళ్లు పోస్తాం చూడండి, డిస్క్ ఉన్నవాళ్లకు అంతకంటే చెడ్డ భంగిమ లేదు. టబ్బును నడుమెత్తు బల్ల మీద పెట్టి నిలబడి పోయండి, ఒక చేయి పాప మీంచి తీయకుండా. నేల మీది నుంచి ఎత్తేటప్పుడు ఒక మోకాలు కింద ఆనించి, పాపను ముందు ఛాతీకి హత్తుకుని, అప్పుడు లేవండి. క్యారియర్ కట్టుకున్నాక కింద పడ్డ వస్తువు తీయాలంటే నడుము వంచొద్దు, మోకాళ్లు వంచి కూర్చోండి. లేదంటే పాప పక్కకు జారుతుంది, మీ నడుమూ పోతుంది.

సూర్యాపేట_శ్రీను
స్నానం మాట నిజం. మా ఇంట్లో స్నానం పోసేది మా పెద్దమ్మ. పోసిన ప్రతిసారీ లేవడానికి ఇద్దరం పట్టాలి.

జడ్చర్ల_జ్యోతి
హిప్ సీటు అని నడుముకు పెట్టెలాగా కట్టుకునేది ఒకటి వస్తోంది, మా కజిన్ తెగ మెచ్చుకుంటోంది. అది నడుంనొప్పికి మంచిదా? అడుగుతున్నాను, సమర్థించడం లేదు.

పాలమూరు_పద్మ
నేను వేసుకుని చూశాను. ఎక్కించడం దింపడం సుఖం. కానీ ఆ పెట్టె పాపను మనకు దూరంగా జరుపుతుంది, మేడం చెప్పిన బిందె కథే. ఒక చేయి ఎలాగూ పాపకు పట్టే ఉంచాలి. పెట్టె సొంత బరువు ఒకటి అదనం. గంపగుత్తగా చెడ్డదని అనను. నడక నేర్చే వయసులో ఎత్తుకో దించు అని గొడవ చేసే పిల్లలకు బాగుంటుంది.

మిర్యాలగూడ_నాన్న
రెండు వారాల తర్వాత రాస్తున్నాను.

మా మిల్లులో పనిచేసే ఒక సార్ కోడలు దగ్గర బెల్టు క్యారియర్ ఉందంటే ముందు ఐదు రోజులు అడిగి తెచ్చుకున్నాను. పద్మ గారు ఒంటికి సరిపోవడం ముఖ్యం అన్న మాట గుర్తుంది. మొదటి రోజు పది నిమిషాలే పెట్టుకున్నాను. నడుము బెల్టును నాకు అలవాటైన చోటునుంచి నాలుగు వేళ్లు పైకి జరిపాను. నమ్మండి, పాప బరువు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వారం చివరికి ముప్పావుగంట. ఎడమ పక్క పట్టేయలేదు. ముప్పావుగంట దాటితే మాత్రం నడుము మధ్యలో బరువుగా అనిపిస్తుంది, అప్పుడు దించేస్తాను.

తర్వాత కొత్తది కొన్నాను, బడ్జెట్ కంటే ఎనిమిది వందలు ఎక్కువైంది. వీపు మీద పట్టీలు అడ్డంగా దాటేలా పెట్టుకునేదే తీసుకున్నాను. ఒక ఇబ్బంది ఉంది, ఉక్క. సాయంత్రం ఆరింటికి కూడా ఇక్కడ సెగ తగ్గదు. ఇద్దరం తడిసి ముద్దవుతున్నాం.

నేత_కొయ్యలగూడెం
పాపకూ మీకూ మధ్య పలచటి నూలు తువ్వాలు ఒకటి వేసుకోండి అన్నా, చెమట అది పీలుస్తుంది. పాపకు పైన చొక్కా వద్దు, క్యారియర్ గుడ్డే ఒక పొర. మే నెలలో మన నల్లగొండ 45 డిగ్రీలు చూస్తుంది, అప్పుడు మధ్యాహ్నం అస్సలు కట్టుకోవద్దు.

నల్లగొండ_ఫిజియో
ముప్పావుగంటకే దించేస్తున్నారు చూడండి, అదే పద్ధతి కొనసాగించండి. బాగుంది కదా అని రెండు గంటలకు పెంచకండి. మీ పాత వ్యాయామాలు మళ్లీ మొదలుపెట్టారా?

మిర్యాలగూడ_నాన్న
మొదలుపెట్టాను మేడం. పొద్దున పావుగంట. పాప పక్కనే బోర్లా పడి చూస్తుంటుంది.

నిన్న సాయంత్రం పాపను కట్టుకుని సాగర్ రోడ్డు మీద నడుస్తుంటే టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు తేరిపార చూశారు. ఒక పెద్దాయన పిలిచి, "అమ్మ ఏది బిడ్డా" అన్నాడు. డ్యూటీలో ఉంది అన్నాను. పక్కకు జరిగి కుర్చీ ఇచ్చాడు. కూర్చుంటే పాప లేస్తుందని నిలబడే టీ తాగి వచ్చాను.

అచ్చంపేట_సరిత
ఇది చదివి మనసు నిండిపోయింది.

మర్రిగూడ_కోడలు
పద్మక్కా, డాక్టరుకు చూపించుకున్నాను. మా తమ్ముడు వెంట వచ్చాడు. ఎక్స్‌రే తీశారు. ఎముకల్లో ఇప్పటికైతే ఏమీ లేదన్నారు, కాన్పు తర్వాత కండరాల బలహీనతే అన్నారు. రెండు నెలలు వ్యాయామాలు రాసిచ్చారు. బోరు నీళ్ల సంగతి మేడం చెప్పినట్టే నేనే చెప్పాను. చెప్పడం మంచిదైంది అన్నారు, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. బాబు స్నానం బల్ల మీదికి మార్చాను.

పాలమూరు_పద్మ
హమ్మయ్య. ఈ పది రోజులూ నీ గురించే అనుకుంటున్నాను.

మిర్యాలగూడ_నాన్న
చివరిగా ఒకటి. ఆ తొమ్మిది వందల క్యారియర్ ఇంట్లో ఊరికే ఉంది. మా వీధిలో ఒకావిడకు మొన్ననే బాబు పుట్టాడు. ఇవ్వమంటారా?

పాలమూరు_పద్మ
ఇవ్వొద్దు. నెలల పిల్లాడికి అసలే వద్దు. మనకు పనికిరానిది ఇంకో బిడ్డకు ఎందుకు? పట్టీలు కోసేసి బకిల్స్ తీసి పెట్టుకోండి, స్కూలు బ్యాగులకు పనికొస్తాయి. ఆరు నెలలు పోయాక ఆవిడకు మీ కొత్తది ఒక వారం ఇచ్చి, బెల్టు ఎక్కడ పెట్టుకోవాలో దగ్గరుండి చూపించండి.